మిత్రుల తగాదా గురించి రాసేటప్పుడు

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. తీరిగ్గా కూర్చుని చదివాను. లిబియా విషయంలో ఫ్రాన్స్, ఇటలీ ఎలా తగవులాడుకున్నాయో ఆసక్తిగానే చెప్పావు. 2019 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ రోమ్ నుంచి తన రాయబారిని వెనక్కి పిలిపించుకోవడంతో మొదలుపెట్టడం మంచి ఎత్తుగడ. 1940లో ముస్సోలినీ యుద్ధం ప్రకటించాక ఆ రెండు దేశాల మధ్య అంత దూరం వెళ్లడం అదే మొదటిసారి. ఇటలీ ఉపప్రధాని డి మాయో ఫ్రాన్స్ వెళ్లి, ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ మీద రోడ్డెక్కిన యెల్లో వెస్ట్ ఉద్యమకారులతో ఫొటో దిగడం, అంతకుముందు 629 మంది వలసదారులున్న అక్వేరియస్ ఓడను ఇటలీ తన రేవుల్లోకి రానివ్వకపోవడం, మాక్రాన్ దాన్ని బాధ్యతారాహిత్యమని తిట్టడం, ఇవన్నీ చదివించే విషయాలే.

ఒక్కటే ఇబ్బంది. ఇంత చదివాక కూడా లిబియాలో ఏం జరిగిందో నాకు తెలియలేదు. రాజధాని ట్రిపోలీ అన్న మాట నీ వ్యాసంలో రెండుచోట్ల వచ్చింది, రెండుసార్లూ "ట్రిపోలీ ప్రభుత్వం" అనే. అక్కడి మనిషి ఒక్కడు కూడా పేరుతో కనిపించడు, తూర్పు లిబియా సైన్యాధికారి హఫ్తార్ తప్ప. అతను కూడా ఫ్రాన్స్ చేతిలో కీలుబొమ్మలా కనిపిస్తాడు. కీలుబొమ్మ అయితే కథ చాలా తేలిగ్గా ఉండేది.

ముందు మ్యాప్ ముందేసుకో. నీ వ్యాసంలో చమురు గొడవ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఇటలీ కంపెనీ ఎని, ఫ్రాన్స్ కంపెనీ టోటల్, వాళ్ల పోటీయే అంతా అని. అందరూ అలాగే రాస్తారు, పూర్తిగా అబద్ధం కూడా కాదు. కానీ ఎని 1959 నుంచి అక్కడ ఉంది. దాని గ్యాస్ పైపులైను పశ్చిమ తీరంలోని మెల్లితా నుంచి సముద్రం కింద 520 కిలోమీటర్లు సాగి సిసిలీలోని గేలాకు చేరుతుంది. వలసదారుల పడవలు బయల్దేరే సబ్రతా, జావియా కూడా ఆ పశ్చిమ తీరంలోవే. 2016 ఒక్క ఏడాదిలో సముద్రం మీదుగా ఇటలీ చేరినవాళ్లు 1,81,000 మంది పైచిలుకు. కాబట్టి రోమ్‌లో ఎవరు అధికారంలో ఉన్నా, ట్రిపోలీలో కూర్చున్నవాడితో, చుట్టుపక్కల సాయుధ ముఠాలతో సర్దుకుపోక తప్పదు. 2017 ఫిబ్రవరిలో ట్రిపోలీతో ఇటలీ వలసల ఒప్పందం చేసుకుందీ అందుకే.

పారిస్ చూపు తీరం మీద కాదు, దక్షిణాన ఎడారి మీద. లిబియా నియంత గడాఫీ 2011లో పడిపోయాక అతని ఆయుధాగారాలు ఖాళీ అయ్యాయి, అందులో కొంత సరుకు మాలీకి చేరింది. అక్కడి జిహాదీలను అడ్డుకోవడానికి 2013 జనవరిలో ఫ్రాన్స్ సైన్యాన్ని దించాల్సి వచ్చింది. ఇక ఈజిప్టు, యూఏఈ హఫ్తార్ వెనక నిలబడ్డాయి. ఆ రెండూ ఫ్రాన్స్‌కి దగ్గరి దేశాలు. ఈజిప్టయితే 2015లో 24 రఫేల్ విమానాలు కొంది. జిహాదీలను అణిచేస్తానంటూ తూర్పున ఒక సైన్యాధికారి లేస్తే పారిస్‌కు నచ్చడంలో వింతేముంది? ఒకే దేశాన్ని ఒకరు ఉత్తరం వైపు నుంచి, ఇంకొకరు దక్షిణం వైపు నుంచి చూశారు. ఇది రాశాక నువ్వు చమురు గురించి రెండు వాక్యాలు చెప్పినా చెల్లుతుంది.

ఇటలీ వాళ్ల మనసులో ఉన్న పాత లెక్క కూడా మరిచిపోకు. 1911 నుంచి మూడు దశాబ్దాలు లిబియాను ఏలినవాళ్లు. 2008లో ఇటలీ ప్రధాని బెర్లుస్కోనీ బెంగాజీ వెళ్లి, వలసపాలన పాపానికి పరిహారంగా 20 ఏళ్లలో 500 కోట్ల డాలర్లు ఇస్తామని సంతకం పెట్టి వచ్చాడు. మూడేళ్లు తిరక్కుండానే అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు సర్కోజీ విమానాలు లిబియా మీద మొదటి బాంబులు వేశాయి. 2011 మార్చి 19న పారిస్‌లో నాయకుల భేటీ అయ్యీ అవకముందే ఆ విమానాలు గాల్లో ఉన్నాయి. తమ పెరట్లో తమకు చెప్పకుండా చెట్లు కొట్టేశారన్న ఉక్రోషం రోమ్‌లో ఇప్పటికీ పోలేదు.

ఇంకో సంగతి. "ఫ్రాన్స్ భావించింది", "ఇటలీ కోరుకుంది" అని నీ వ్యాసం నిండా ఉంది. దేశాలు భావించవయ్యా, ఆఫీసులు భావిస్తాయి. ఒకే దేశంలో రెండు ఆఫీసులు రెండు రకాలుగా భావిస్తాయి. 2016 జూలైలో బెంగాజీ దగ్గర హెలికాప్టర్ కూలి, గూఢచారి శాఖ పని మీదున్న ముగ్గురు ఫ్రెంచి సైనికులు చనిపోయారు. అధ్యక్షుడు ఒలాండ్ ఆ సంగతి బయటికి చెప్పక తప్పలేదు. అప్పటికి ఫ్రాన్స్ గుర్తించిన ప్రభుత్వం ట్రిపోలీలోని ప్రధాని సర్రాజ్‌ది. సైనికులు చనిపోయింది హఫ్తార్ ఇలాకాలో. సర్రాజ్ ప్రభుత్వం నిరసన తెలిపింది. విదేశాంగ శాఖ ఒకరిని గుర్తిస్తుంటే గూఢచారి శాఖ ఇంకొకరితో పని చేస్తోందన్నమాట. అప్పటి రక్షణ మంత్రి లెద్రియాన్ 2017లో మాక్రాన్ దగ్గర విదేశాంగ మంత్రి అయ్యాడు. పాత స్నేహాలను వెంటబెట్టుకునే కొత్త కుర్చీలోకి వెళ్లాడు. ఇలాంటి ఒక్క బదిలీ, నాలుగు పేజీల విశ్లేషణ కంటే ఎక్కువ చెబుతుంది. ఇటలీ వైపు కూడా ఇలాగే విడదీసి చూడు: హోం శాఖ, విదేశాంగ శాఖ, ఎని ఆఫీసు.

ఇప్పుడు అసలు విషయం. ఇద్దరు పెద్దవాళ్లు పోటీలు పడి భోజనానికి పిలుస్తుంటే పిలిపించుకునేవాడి రేటు పెరుగుతుంది. నీ వ్యాసానికి వెన్నెముక అదే కావాలని నా అభిప్రాయం.

వరసగా చూడు. 2017 జూలైలో మాక్రాన్ పారిస్ పక్కన లా సెల్ సాంక్లూ అనే చోట సర్రాజ్‌నూ హఫ్తార్‌నూ కూర్చోబెట్టాడు. ఐక్యరాజ్యసమితి గుర్తించిన ప్రధాని ఒక పక్క, ఆ ప్రధానిని ఒప్పుకోని సైన్యాధికారి ఇంకో పక్క, నడుమ మాక్రాన్. ఆ ఒక్క ఫొటోతో హఫ్తార్ ప్రధానితో సమానమైపోయాడు. ఇటలీ కుతకుతలాడింది. 2018 మే 29న పారిస్‌లో పెద్ద సమావేశం పెట్టారు. అప్పుడు రోమ్‌లో కొత్త ప్రభుత్వం ఇంకా ప్రమాణం కూడా చేయలేదు. నలుగురు లిబియా నాయకులు డిసెంబర్ 10న ఎన్నికలన్నారు, సరేనన్నారు, తలలూపారు. సంతకం మాత్రం ఎవరూ పెట్టలేదు! ఆ వాక్యం నీ వ్యాసంలో లేదు. నేనైతే దానికి ఒక పేరా ఇచ్చేవాణ్ణి. డిసెంబర్ 10 వచ్చింది, పోయింది, ఎన్నికలు లేవు.

మేమేం తక్కువ అన్నట్టు ఇటలీ ప్రధాని కోంతె నవంబర్‌లో పలెర్మోలో సమావేశం పెట్టాడు. హఫ్తార్ వస్తాడా రాడా అని చివరి గంట దాకా అందరికీ టెన్షన్. ఆ రాత్రి వచ్చాడు, విందుకు మాత్రం కూర్చోలేదు. మర్నాడు పొద్దున ఎంపిక చేసిన నాయకులతో చిన్న భేటీలో పాల్గొని, కోంతె మధ్యలో నిలబడగా సర్రాజ్‌తో చెయ్యి కలిపి ఫొటో ఇచ్చి, అసలు సమావేశం మొదలయ్యేలోగా వెళ్లిపోయాడు. ఆ చిన్న భేటీకి తమను పిలవలేదని టర్కీ ఉపాధ్యక్షుడు అలిగి బయటికి నడిచాడు. ఈ దృశ్యాన్ని నువ్వు "పలెర్మో సమావేశం విఫలమైంది" అని ఒక్క లైన్లో తోసేశావు. ఎవరికి విఫలమైంది? హఫ్తార్‌కు కాదు. తను రాకపోతే ఎవరికెంత పరువు పోతుందో అతనికి ఆ రోజు కళ్లారా తెలిసింది.

అయిదు నెలలు తిరగలేదు. 2019 ఏప్రిల్ 4న అతని సేనలు ట్రిపోలీ మీదికి బయల్దేరాయి. ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్ గుటెరస్ అప్పుడు ట్రిపోలీలోనే ఉన్నాడు. ఇక్కడ నిదానించు. ఎందుకంటే లిబియా మనుషులు కనిపించే చోటు ఇదే. ఐరాస రాయబారి ఘసాన్ సలామే అంతకుముందు ఏడాది ఊరూరా 70కి పైగా సమావేశాలు పెట్టించాడు. పెద్దవాళ్లు, ఆడవాళ్లు, కుర్రవాళ్లు, గిరిజన తెగల వాళ్లు వచ్చి ఎలాంటి ప్రభుత్వం కావాలి, సైన్యం ఎవరి కింద ఉండాలి, చమురు డబ్బు ఎలా పంచాలి అని మాట్లాడుకున్నారు. ఆ మాటలన్నీ ఒకచోటికి తేవడానికి ఏప్రిల్ 14 నుంచి ఘదామెస్ పట్టణంలో జాతీయ సదస్సు జరగాలి. సదస్సుకు పది రోజుల ముందు దాడి. సదస్సు లేదు, యుద్ధం మొదలు.

ఆ వారం యూరప్ ఏం చేసింది? దాడి ఆపమని హఫ్తార్‌కు చెప్పే ప్రకటన ముసాయిదా ఒకటి తయారైతే ఫ్రాన్స్ అడ్డుకుందని వార్తా సంస్థలు రాశాయి. అతని మీద పోరాడుతున్నవాళ్లలో ఉగ్రవాద ముఠాలు ఉన్నాయి, వలసదారుల కష్టాలు ఉన్నాయి, అవి కూడా చేర్చాలన్నది పారిస్ వాదన. యూరోపియన్ యూనియన్‌లో విదేశాంగ విషయాలకు అందరూ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదంటే ఆగిపోతుంది. ఈ నియమం పాఠకుడికి ఒక వాక్యంలో చెప్పు, లేకపోతే ఇంత పెద్ద కూటమి ఎందుకు నోరు మెదపలేదో అర్థం కాదు. తర్వాత ప్రకటనలు వచ్చాయనుకో. అప్పటికి ట్రిపోలీ శివార్లలో ఇళ్లు ఖాళీ అవుతున్నాయి. జూన్‌లో ఘర్యాన్ పట్టణంలో హఫ్తార్ శిబిరం ప్రత్యర్థుల చేతికి చిక్కితే అందులో అమెరికా తయారీ జావెలిన్ క్షిపణులు దొరికాయి. అవి తమవేనని, పాడైపోయినవని, ధ్వంసం చేయడానికి పక్కన పెట్టామని జూలైలో ఫ్రాన్స్ ఒప్పుకుంది. ఈ వివరణ మీద నువ్వు వ్యాఖ్యానం రాయకు. ఉన్నది ఉన్నట్టు పెట్టు, చదివేవాళ్లే నవ్వుకుంటారు.

ముగింపులో "పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది" అని రాశావు. సామెత ఉండనీ. కానీ పిల్లులు ఎవరో చెప్పాలిగా! 2019 చివరికి రష్యా నుంచి వాగ్నర్ కిరాయి సైనికులు హఫ్తార్ వైపు, 2020 మొదట్లో టర్కీ సర్రాజ్ వైపు వచ్చి చేరారు. 14 నెలల యుద్ధం ఏ వైపు ముగియాలో తేల్చింది టర్కీ డ్రోన్లు. అదే 2020 జూన్‌లో మధ్యధరా సముద్రంలో టర్కీ ఓడలు తమ నౌక మీద రాడార్ గురిపెట్టాయని ఫ్రాన్స్ గోల చేసింది. రెండూ నాటో దేశాలే. ఇదీ మిత్రుల తగాదాయే. నీ వ్యాసంలో దీనికి చోటే లేదు.

జర్మనీ గురించి ఒక్క పేరా చాలు. 2011 మార్చిలో లిబియా మీద సైనిక చర్యకు అనుమతించిన భద్రతా మండలి 1973వ నంబరు తీర్మానం మీద ఓటేయకుండా తప్పుకున్న అయిదు దేశాల్లో అది ఒకటి. అప్పట్లో మిత్రులంతా దాన్ని తప్పుపట్టారు. తొమ్మిదేళ్ల తర్వాత, 2020 జనవరిలో, అందరినీ ఒక బల్ల దగ్గరికి చేర్చగలిగింది బెర్లినే. ఆ అయిదు దేశాల్లో మన భారతదేశం కూడా ఉంది. సందర్భం వచ్చింది కనుక చెప్పు, గొప్పగా ఊదకు.

మనవాళ్ల ప్రస్తావన ఎలా తేవాలి అని అడిగావు. లాక్కురావద్దు, ఉన్నదే చాలు. 2015 జూలైలో సిర్తే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే నలుగురు భారతీయులను ఎత్తుకుపోయారు. ఇద్దరు కర్ణాటకకు చెందినవాళ్లు, వాళ్లు త్వరగానే బయటపడ్డారు. మిగతా ఇద్దరూ తెలుగువాళ్లు, ఒకరు ఆంధ్ర, ఒకరు తెలంగాణ. వాళ్లు విడుదలయ్యేసరికి 2016 సెప్టెంబర్ వచ్చింది. ఆ ఏడాది పైచిలుకు కాలంలో లిబియాలో తూర్పున ఒక ప్రభుత్వం, పశ్చిమాన ఒక ప్రభుత్వం, సిర్తే మాత్రం ఇద్దరి చేతిలోనూ లేక ఐసిస్ చేతిలో. ఇక్కడ ఆ కుటుంబాలు ఢిల్లీని అడగగలవు, మరి ఢిల్లీ ఎవరిని అడగాలి? ప్రభుత్వం కూలిన దేశం అంటే ఏమిటో మన పాఠకుడికి తెలియాలంటే ఈ ప్రశ్న దగ్గర ఆపు. పేర్లు వద్దు. వాళ్ల ఇళ్ల ముందు టీవీ కెమెరాలు పడిగాపులు కాసిన సంగతి కూడా వద్దు, వాళ్లు పడ్డది చాలు.

ఇక పని చూసుకో. రాయబారి సంగతి మూడో పేరాలోకి దించి, ఘదామెస్‌తో మొదలుపెట్టు. 2021 నవంబర్‌లో మాక్రాన్, అప్పటి ఇటలీ ప్రధాని ద్రాగీ రోమ్‌లో స్నేహ ఒప్పందం మీద సంతకాలు చేశారని చివర్లో రాశావు కదా, దాని పక్కనే అదే ఏడాది డిసెంబర్ 24న జరగాల్సిన లిబియా ఎన్నికలు మళ్లీ జరగలేదని కూడా చేర్చు. అది లేకపోతే కథ సుఖాంతంలా కనిపిస్తోంది. మొత్తం వెయ్యి మాటలు దాటనివ్వకు. స్థలం చాలక డెస్క్ వాళ్లు కత్తెర పెట్టారంటే ముందు పోయేవి లిబియా పేరాలే. అందుకని వాటిని కోస్తే వ్యాసం నిలబడని చోట పెట్టు. సవరించాక పంపు, సోమవారానికల్లా చూస్తాను.

మీ అన్నయ్య