సముద్రం పక్కనే ఉంటున్నాం, అయోడిన్ తక్కువేంటండీ?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నరసాపురం దగ్గర పల్లెటూరండి. నాకు 44 ఏళ్ళు. పోయిన నెల మెడ దగ్గర చిన్న ఉండలా తగిలితే భీమవరం వెళ్ళి స్కానింగ్ తీయించుకున్నాం, థైరాయిడ్‌లో 1.2 సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు, థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్ 2.1 వచ్చింది, నార్మలే అన్నారు. మా తోటికోడలేమో అయోడిన్ తక్కువైతేనే గడ్డ వస్తదని, రోజూ నీళ్ళలో అయోడిన్ చుక్కలు వేసుకుని తాగితే కరిగిపోద్దని ఎక్కడో వీడియో చూసి చెప్పింది, సీసా కూడా తెప్పించేసింది. మా ఆయనేమో సముద్రం పక్కనే ఉండి వారానికి నాలుగు రోజులు చేపలు తింటున్నాం, మనకి అయోడిన్ తక్కువేంటే అంటున్నారు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: ఇద్దరి మాటలోనూ సగం సగమే ఉందమ్మా. ముందు ఆ సీసా మూత తియ్యకుండా పక్కన పెట్టెయ్యండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

అయోడిన్ తక్కువైతే గడ్డలొస్తాయన్న మాట నిజమేనండి. థైరాయిడ్ హార్మోన్‌కి అయోడినే ముడిసరుకు. అది ఏళ్ళ తరబడి చాలకపోతే గ్రంథి ఉన్న కాస్తనీ పట్టుకోవాలని పెరుగుతుంది, ఆ పెరగడం అంతటా ఒకేలా ఉండదు, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ పెరిగి చివరికి గడ్డలు కడుతుంది. 1950ల్లో హిమాలయాల కింద కాంగ్రా లోయలో ఊళ్ళకి ఊళ్ళే మెడవాపుతో ఉంటే, అయోడిన్ కలిపిన ఉప్పు ఇస్తే తగ్గుతుందని చూపించింది డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు, మన శ్రీకాకుళంలో పుట్టినాయనే. 1962లో దేశమంతా ఆ కార్యక్రమం మొదలైంది. కానీ అక్కడ బాగా తగ్గేది పిల్లల్లో కొత్తగా వచ్చిన వాపు. ఏళ్ళ తరబడి ముదిరి గట్టిపడ్డ గడ్డ అయోడిన్ వేసినంత మాత్రాన కరగదమ్మా, మీ తోటికోడలికి వీడియోలో చెప్పనిది అదే. పైగా గడ్డ రావడానికి వయసు, వంశం లాంటి కారణాలు కూడా ఉంటాయి, అయోడిన్ సరిపడా తినేవాళ్ళకీ వస్తుంది.

ఇక మీ ఆయన మాట. సముద్రపు గాలికి అయోడిన్ వచ్చెయ్యదండి, సముద్రపు నీళ్ళు ఎండగట్టిన కళ్ళుప్పులో కూడా దాదాపు ఏమీ ఉండదు, ప్యాకెట్ ఉప్పులో ఉండేది ఫ్యాక్టరీలో విడిగా కలిపిందే. మీరు వారానికి నాలుగు రోజులు తినే చేప ఏదో చూసుకోండి. వంజరం, చందువ అయితే మంచిదే, చెరువు బొచ్చె, శీలావతి అయితే అందులో అయోడిన్ చాలా తక్కువ. ఆవకాయ ఎలాగూ కళ్ళుప్పుతోనే పెడతారు. ప్యాకెట్ ఉప్పు కూడా పొయ్యి పక్కన మూతలేని డబ్బాలో పోసి, వానాకాలం చెమ్మకి నీరుగారేదాకా ఉంచితే అయోడిన్ తగ్గిపోతుంది, మూత గట్టిగా పెట్టుకోండి. పెద్దవాళ్ళకి రోజుకి కావాల్సింది 150 మైక్రోగ్రాములు, అంతే.

ఇప్పుడు ఆ సీసా సంగతి. అది 5 శాతం లూగాల్ ద్రావణమైతే, అంటే నీళ్ళలో కలిపిన గాఢమైన అయోడిన్ అయితే, ఒక్క చుక్కలోనే సుమారు 6 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 40 రోజుల సరుకు ఒక్క గుక్కలో. కొన్ని గడ్డలు మెదడు మాట వినకుండా సొంతంగా హార్మోన్ తయారు చేసేస్తుంటాయి, వాటికి ఇంత అయోడిన్ దొరికితే గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గిపోవడం మొదలవుతాయి. ఇంకొందరికి ఉల్టా, ఉన్న థైరాయిడ్ కూడా మందగిస్తుంది.

యూరిన్‌లో అయోడిన్ టెస్ట్ చేయించాలా అని అడుగుతారేమో, అది ఊరి మొత్తం లెక్క తెలుసుకోవడానికి పనికొస్తుంది గానీ ఒక్క మనిషికి రోజుకోలా వస్తుంది, డబ్బులు దండగ. మీరు చూడాల్సింది స్కాన్ రిపోర్ట్‌లో టైరాడ్స్ నంబర్, గడ్డని ఎంత అనుమానించాలో చెప్పేది అదే. గడ్డ స్పంజిలా ఉన్నా, నీటి తిత్తిలా ఉన్నా సూదితో పనే ఉండదు, అనుమానంగా కనబడితే మాత్రం 1 సెంటీమీటర్ దాటింది కాబట్టి ఎఫ్ఎన్ఏసీ, అంటే సన్న సూదితో గడ్డలోంచి కాస్త కణాలు తీసి చూసే పరీక్ష, చేయిస్తారు. నూటికి తొంభైకి పైగా గడ్డలు కేన్సర్ కావమ్మా. అద్దం ముందు నిలబడి తల కాస్త వెనక్కి వాల్చి గుక్కెడు నీళ్ళు మింగితే మీ ఉండ పైకెళ్ళి కిందకి దిగుతుంది, థైరాయిడ్ గడ్డ అలాగే కదులుతుంది, భయపడొద్దు. గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా, గడ్డ గబగబా పెరిగినా ఆగకుండా వెళ్ళండి.

ప్రశ్న: బీపీకి ఉప్పు తగ్గించమన్నారు, పింక్ సాల్ట్‌కి మారాను. థైరాయిడ్‌కి ఇబ్బందా? (అమలాపురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని లేకపోతే దాన్ని వాడకండి. బీపీకీ పింక్ సాల్ట్‌తో ఒరిగేదేం లేదు, అదీ ఉప్పేగా. మామూలు అయోడిన్ ఉప్పే రోజుకి 5 గ్రాముల లోపు వాడుకోండి, తగ్గిన అయోడిన్‌కి పాలు, పెరుగు, గుడ్డు ఉండనే ఉన్నాయి. అప్పడాలు, పచ్చళ్ళు మాత్రం తగ్గించాలండి, అది మీకూ తెలుసు.