జూన్‌లో అడవికి బయల్దేరుతున్న మేనల్లుడికి

చిరంజీవి చిన్నాకు,

మావయ్య ఆశీస్సులు. ఫీనిక్స్ ఎండకు తట్టుకోలేకపోతున్నారనీ, వచ్చే నెల ఎక్కడైనా చల్లటి చోట రెండు రాత్రులు కారులోనే పడుకుని రావాలనుకుంటున్నారనీ అక్కయ్య ఫోన్‌లో చెప్పింది. మంచి ఆలోచన. నువ్వు పంపిన ఇన్‌స్టాగ్రామ్ లింకులు చూశాను. వాటిని పక్కన పెట్టేయ్. ఫొటో బాగా తిరిగిన చోటికి శుక్రవారం సాయంత్రానికే కార్లు బారులు తీరుతాయి. పైగా ఆ ఫొటో తీసినవాడికి అక్కడ ఉండే హక్కు ఉందో లేదో నీకేం తెలుసు?

స్థలం వెతకడమంటే ముందు ఆ నేల ఎవరిదో కనుక్కోవడం. అరిజోనాలో ఇది మరీ ముఖ్యం. భూముల మ్యాపు తెరిస్తే ఒక్కో యజమానికి ఒక్కో రంగు ఉంటుంది. ఆకుపచ్చ నేషనల్ ఫారెస్ట్, పసుపు బీఎల్ఎం అనే కేంద్ర ప్రభుత్వ భూముల శాఖది, నీలం రాష్ట్రం చేతిలో ఉండే స్టేట్ ట్రస్ట్ భూమి, తెలుపు ప్రైవేటు. ఆకుపచ్చ, పసుపు నేలల్లో చాలా చోట్ల బుకింగ్ లేకుండా, డబ్బు కట్టకుండా సాధారణంగా 14 రోజుల దాకా ఉండొచ్చు. దీన్ని డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటారు. టాయిలెట్, కుళాయి, చెత్తబుట్ట ఏవీ ఉండవు. నీలం రంగు దగ్గరే మనవాళ్ళు ఎక్కువగా పొరబడతారు. కంచె ఉండదు, బోర్డు కనపడదు, చూస్తే ఖాళీ ఎడారి. కానీ పర్మిట్ లేకుండా అక్కడ బస చేయకూడదు. నవాహో, అపాచీ వంటి తెగల భూములకు వాళ్ళ ప్రభుత్వాల అనుమతే కావాలి.

గ్రాండ్ కేన్యన్ చూడాలని అమ్మాయికి ఉందట కదా. పార్కు లోపల క్యాంప్‌గ్రౌండ్‌లో తప్ప మరెక్కడా కారులో పడుకోనివ్వరు. అక్కడి మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌కు ఆరు నెలల ముందే బుకింగ్ మొదలవుతుంది, జూన్‌కి ఇప్పుడు చూస్తే దొరకదు. కానీ దక్షిణపు గేటు బయట, టుసయాన్ ఊరి చుట్టూ ఉన్నదంతా కైబాబ్ నేషనల్ ఫారెస్ట్. అక్కడ ఫారెస్ట్ రోడ్డు పక్కన రాత్రి పడుకుని, పొద్దున్నే పార్కులోకి వెళ్ళొచ్చు.

మొదటిసారి కాబట్టి నన్నడిగితే మాత్రం మొగొల్లాన్ రిమ్ అనే పొడవాటి కొండ అంచుకి వెళ్ళు. పేసన్ మీదుగా మీ ఇంటి నుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. రిమ్ అంచు వెంబడి 300 నంబరు ఫారెస్ట్ రోడ్డు వెళ్తుంది. దాదాపు 7,500 అడుగుల ఎత్తు, అంతా పాండెరోసా పైన్ చెట్లు. ఫీనిక్స్‌లో 110 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న రోజున అక్కడ ఎనభైల్లో ఉంటుంది, రాత్రికి యాభైకి దిగుతుంది. జూనే కదా అని పల్చటి దుప్పటితో వెళ్ళకు, బుడ్డోడికి స్వెట్టరూ, టోపీ పెట్టు. రోడ్డు మొదట్లో, వుడ్స్ కేన్యన్ లేక్ దగ్గర్లో, గుర్తు పెట్టిన స్థలాల్లోనే ఆగాలి. సెడోనా చుట్టుపక్కల కూడా చాలా చోట్ల ఇలాగే కట్టడి పెట్టారు.

ఏ రోడ్డు పక్కన ఆగొచ్చో తెలియాలంటే ఫారెస్ట్ సర్వీస్ వాళ్ళ మోటార్ వెహికిల్ యూజ్ మ్యాపు చూడాలి. రేంజర్ ఆఫీసులో ఉచితంగా ఇస్తారు, అవెంజా అనే మ్యాపుల యాప్‌లో పెట్టుకుంటే సిగ్నల్ లేకపోయినా నువ్వు ఎక్కడున్నావో చూపిస్తుంది. నలుపూ తెలుపూ కాగితం, చూడ్డానికి ఏమీ బాగుండదు. కానీ అందులో రోడ్డుకి పక్కన చుక్కలు ఉంటే, ఆ భాగంలో రోడ్డు దిగి కొంచెం లోపలికి వెళ్ళి క్యాంప్ చేయొచ్చని అర్థం. మ్యాపులో లేని రోడ్డు కళ్ళెదుట కనపడినా దాన్ని రోడ్డనుకోకు. వెళ్ళే ముందు ఆ ఆఫీసుకి ఒక ఫోన్ కూడా చెయ్. ఏ రోడ్డు మూసేశారో, ఎక్కడ బురదగా ఉందో ఏ యాప్ కన్నా వాళ్ళకే బాగా తెలుసు, ఓపిగ్గా చెప్తారు కూడా.

పొద్దు వాలడానికి రెండు గంటల ముందే చేరుకో. చీకట్లో స్థలం వెతికితే దొరికిన దాంట్లో సర్దుకోవాల్సి వస్తుంది, అప్పుడే చెట్టు వేర్ల మీదా, వాగులోనా కారు పెడతారు. కుదిరితే గురువారం వెళ్ళండి. మెయిన్ రోడ్డు పక్కన నిండిపోయినా, పక్క రోడ్లో ఒకటి రెండు మైళ్ళు లోపలికి పోతే ఖాళీలు ఉంటాయి. రోడ్డు ఇరుకవుతోందంటే కారు ఆపి, దిగి నడిచి చూసి రా. ముందు తిప్పుకునే చోటు లేకపోతే వెనక్కి వచ్చేయ్.

చోటు ఎంచేటప్పుడు, ఇదివరకు ఎవరో ఉండి వెళ్ళిన జాగానే చూడు. గట్టిపడిన నేల, రాళ్ళతో పేర్చిన పాత పొయ్యి కనపడతాయి. పచ్చిక మీద కొత్తగా కారు ఎక్కిస్తే నీ వెనక వచ్చేవాడు అదే జాడలో వస్తాడు, రెండేళ్ళకి అది ఇంకో బాట అవుతుంది. తర్వాత తలెత్తి చూడు. ఎండిపోయి నిలబడ్డ చెట్టు కింద పడుకోవద్దు, గాలి లేకపోయినా కొమ్మలు పడతాయి. ఎండిన వాగు చదునుగా, ఇసకతో, పరుపులా అనిపిస్తుంది. దాంట్లోకి దిగొద్దు. జూన్ 15 నుంచి ఇక్కడ మాన్సూన్ సీజన్ లెక్క. ఎక్కడో పది మైళ్ళ అవతల పడ్డ వాన ఆ వాగులోకి వస్తుంది. పశువులూ, జింకలూ తాగే నీటి గుంటకి పావు మైలు లోపు బస చేసి వాటిని నీళ్ళకి రానివ్వకపోతే రాష్ట్ర చట్టం ప్రకారం నేరం. దారిలో పశువుల గేటు వస్తే ఎలా ఉన్నదాన్ని అలాగే వదలాలి, మూసి ఉంటే దాటాక మూసేయాలి.

ఇక నిప్పు గురించి. దీని దగ్గర నాకు మొహమాటం లేదు. జూన్‌లో మంట వేయొద్దు. ఆ నెలలో మామూలుగా ఆంక్షలు ఉంటాయి, స్టేజ్ 1 అనే మొదటి స్థాయి ఆంక్ష వచ్చిందంటే అడవిలో చలిమంట నిషేధం. నాబ్ తిప్పి ఆర్పగలిగే గ్యాస్ స్టవ్ మాత్రం సాధారణంగా వాడుకోనిస్తారు. బొగ్గుల గ్రిల్ దానికిందికి రాదు, కాబట్టి చికెన్ ప్లాను మానుకో. 2011లో వాలో ఫైర్ అని ఈ రాష్ట్ర చరిత్రలోనే పెద్ద కార్చిచ్చు వచ్చింది, 5 లక్షల 38 వేల ఎకరాలు కాలింది. ఇద్దరు కజిన్స్ సరిగ్గా ఆర్పకుండా వదిలిన క్యాంపు మంట అది. చల్లటి రోజుల్లో, అనుమతి ఉన్నప్పుడు వేసుకున్నా, నీళ్ళు పోసి, కలియబెట్టి, మళ్ళీ పోసి, బూడిదలో చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా తగిలినా ఆరనట్టే.

2022 జూన్‌లో ఫ్లాగ్‌స్టాఫ్ పక్కన పైప్‌లైన్ ఫైర్‌కి కారణం ఇంకా చిత్రం. క్యాంప్ చేసిన ఒకాయన వాడిన టాయిలెట్ పేపర్ కాల్చి రాయి కింద పెట్టాడని అధికారులు కేసు పెట్టారు. ఈ సంగతి ఎవరూ అడగరు గానీ అందరికీ కావాలి కాబట్టి చెప్తున్నా. చిన్న పార కొనుక్కో. నీళ్ళకీ, దారికీ, క్యాంపుకీ డెబ్భై పెద్ద అంగలు, అంటే దాదాపు రెండు వందల అడుగుల దూరం నడిచి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గొయ్యి తవ్వి, పనయ్యాక మట్టి కప్పేయ్. పేపర్ వాడితే జిప్ కవర్లో వేసి ఇంటికి తెచ్చుకోవాలి. మనకి నీళ్ళ అలవాటు ఉండటం ఇక్కడ పెద్ద సౌకర్యం, ఒక సీసా అదనంగా పెట్టుకుంటే చాలు. బుడ్డోడి డైపర్లు మాత్రం పాతిపెట్టడాలు లేవు, రెండు కవర్లలో కట్టి వెనక్కి తెండి.

పులిహోర, పెరుగన్నం ఇంటి దగ్గరే చేసుకుని వెళ్ళండి. గిన్నెలు తుడిచి కడగండి, ఆ నీళ్ళు వాగులో పోయొద్దు. అక్కడ నల్ల ఎలుగులు ఉంటాయి. తిన్న వెంటనే అంతా కారులో పెట్టి అద్దాలు వేసేయండి, ఆవకాయ సీసాతో సహా. ప్రతి అడవికీ ఇదే పద్ధతి అనుకోకు. యోసెమిటీలో రాత్రిపూట కారులో తిండి ఉంచడమే తప్పు, ఇనప పెట్టెలు ఇస్తారు. నీళ్ళు మాత్రం మనిషికి రోజుకి ఒక గాలన్ లెక్కన ఇంటి నుంచే.

కారులో పడుకునేటప్పుడు తల ఎగువ వైపు ఉండాలి. రెండు అద్దాలు వేలెడు దించి దోమతెర గుడ్డ కట్టు. చలేస్తోందని ఇంజన్ ఆన్‌లో పెట్టి నిద్రపోవద్దు, లోపల స్టవ్ వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

మీ ఆఫీసులో ఇంకో నాలుగు కుటుంబాలు వస్తామంటున్నాయట. ఈసారికి వద్దని చెప్పు. మనవాళ్ళు పదిహేను మంది చేరితే స్పీకర్ మోగకుండా ఉండదు, పక్క మైలులో ఉన్నవాడు నిశ్శబ్దం కోసమే అంత దూరం వచ్చి ఉంటాడు. పగలు తుపాకీ మోతలు వినపడితే టెన్షన్ పడకండి, అడవిలో చాలాచోట్ల గురి ప్రాక్టీసుకి అనుమతి ఉంది. మరీ దగ్గరగా అనిపిస్తే మాత్రం చోటు మార్చేయండి.

రిమ్ మీద ఫోన్ పనిచేయని చోట్లు చాలా ఉన్నాయి. ఏ రోడ్డులో ఉంటారో, ఎన్నింటికి తిరిగొస్తారో బయల్దేరే ముందు నాకు మెసేజ్ పెట్టు. ఇంకో పని ఇవాళే చెయ్, నీ కొత్త కారులో స్టెపినీ ఉందో లేదో డిక్కీ తీసి చూడు. ఇప్పుడు చాలా కార్లకి గాలి కొట్టే డబ్బా ఒక్కటే ఇస్తున్నారు, రాళ్ళ రోడ్డులో టైరు పక్క చిరిగితే దాంతో ఏమీ అవదు. లేకపోతే చెప్పు, నా కారు తీసుకెళ్దువుగాని. పారా, స్టవ్వూ కూడా అందులోనే ఉన్నాయి.

ఇట్లు,
మావయ్య