ఏఐ వల్ల పని పోతుంటే, కొత్తది నేర్చుకునే ఖర్చు ఎవరిది?

మీరు రేడియాలజీ కోడింగ్‌లో (ఎక్స్‌రే, స్కానింగ్ రిపోర్టులు చదివి, బీమా క్లెయిమ్ కోసం జబ్బుకీ పరీక్షకీ కోడ్‌లు వేసే పనిలో) ఉన్నారనీ, ఆ పేషెంట్ల చార్టులు ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేసేస్తోందనీ, "కొత్త స్కిల్స్ నేర్చుకోండి" అని హెచ్‌ఆర్ మెయిల్ పెట్టిందనీ రాశారు. ఫీజు మేమే కట్టుకోవాలా అని అడిగారు. కంపెనీయే కట్టాలి అన్నది నా గట్టి అభిప్రాయం. ఈ రంగంలో ఇలాంటి మార్పులు రెండు చూశాను.

హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌తో మొదలుపెట్టాను. అమెరికా డాక్టర్ల డిక్టేషన్ విని టైప్ చేస్తే లైనుకి ఇంత అని ఇచ్చేవారు. తర్వాత స్పీచ్ రికగ్నిషన్ వచ్చింది. మెషీన్ టైప్ చేసింది మేం దిద్దాలి, లైను రేటు మాత్రం తగ్గించేశారు. ఉచ్చారణ సరిగా పట్టుకోని ఫైలు దిద్దాలంటే మొదటి నుంచి టైప్ చేసినంత సేపు పట్టేది. ఆ డబ్బుతో ఇల్లు గడవక కోడింగ్ వైపు వచ్చాను. అమీర్‌పేటలో కోచింగ్ ఫీజు, మెడికల్ కోడర్లకు ఇచ్చే సీపీసీ సర్టిఫికెట్ పరీక్షకు డాలర్లలో ఫీజు, అన్నీ నేనే పెట్టుకున్నాను. నైట్ షిఫ్ట్ దిగి అటు నుంచి అటే క్లాసుకి వెళ్లేదాన్ని. ఫీజు ఎలాగో సర్దుకున్నాను కానీ, ఆ నిద్రలేమి ఒంటి మీద చాలాకాలం ఉంది.

రెండోది 2015లో. ఆ అక్టోబర్ 1 నుంచి అమెరికా ఐసీడీ-9 అనే పాత జబ్బుల కోడ్‌ల జాబితా వదిలి కొత్త జాబితా ఐసీడీ-10కి మారింది. జబ్బుల కోడ్‌లు దాదాపు 14 వేల నుంచి 69 వేల దాకా పెరిగాయి. అప్పుడు మా కంపెనీ షిఫ్టులోనే, జీతం ఇస్తూ మాకు నేర్పించింది. ట్రైనర్లను పెట్టింది, ప్రాక్టీస్ చార్టులు ఇచ్చింది, నేర్చుకునే రోజుల్లో టార్గెట్ తగ్గించింది. మేం చేతి నుంచి ఒక్క రూపాయి పెట్టలేదు. ఎందుకంటే ఆ తేదీ తర్వాత చేసిన వైద్యానికి పాత కోడ్‌తో క్లెయిమ్ పంపితే తిరస్కరిస్తారు. మాకు రాకపోతే నష్టం కంపెనీదే.

ఇప్పుడు మనకు రాకపోతే నష్టం మనది మాత్రమే, అందుకే ఒక మెయిల్‌తో సరిపెడుతున్నారు. నేర్పించడం వాళ్లకు తెలియని పనేమీ కాదు. మనుషుల్ని తగ్గించి మిగుల్చుకునే డబ్బులోంచే ఈ ఖర్చు రావాలి. సింగపూర్‌లో ఉద్యోగి నెల జీతంలో 0.25 శాతం లెక్కన యజమాని దగ్గర నైపుణ్యాల లెవీ వసూలు చేస్తారు. అక్కడ పని పోయాక కాదు, పని ఉన్నప్పుడే శిక్షణకు డబ్బు పక్కన పడుతుంది.

మన దగ్గర 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం, కార్మికుణ్ణి రిట్రెంచ్ చేస్తే, అంటే తప్పు చేశాడని కాకుండా యజమానే ఉద్యోగం నుంచి తీసేస్తే, యజమాని 15 రోజుల జీతం రీస్కిల్లింగ్ (కొత్త పని నేర్చుకునే) నిధికి కట్టాలి, అది 45 రోజుల్లో ఆ మనిషి ఖాతాలో పడాలి. నష్టపరిహారం దీనికి వేరు. 15 రోజుల జీతంతో ఏ కోర్సు పూర్తవుతుంది? అదీ రిట్రెంచ్‌మెంట్ అయితేనే. మీరే రాజీనామా చేసినట్టు కాగితం ఉంటే ఆ డబ్బు రాదు. మేనేజర్లకు, నెలకు 18 వేలు దాటిన సూపర్‌వైజర్లకు ఇది వర్తించదు. హోదా పేరు ఒక్కటే చూసి వదిలేయకండి, రోజూ మీరు చేసే పని ఏమిటో చూసుకోండి.

హెచ్‌ఆర్ మెయిల్‌కి రాతపూర్వకంగానే జవాబివ్వండి: ఏ పనికి శిక్షణ, షిఫ్టులో ఎన్ని గంటలు, ఫీజు ఎవరిది, నేర్చుకున్నాక ఏ టీమ్‌లో వేస్తారు. ఏఐ వేసిన కోడ్‌ల ఆడిటింగ్, తిరస్కరించిన క్లెయిమ్‌ల పని అడిగి చూడండి, మీ అనుభవం అక్కడ నేరుగా పనికొస్తుంది. టీమ్ మొత్తం కలిసి అడిగితే ఇంకా మంచిది. రాజీనామా పత్రం ముందు పెడితే మాత్రం అక్కడికక్కడే సంతకం చేయకండి, టైమ్ అడిగి కార్మిక చట్టాలు తెలిసిన లాయర్‌కి చూపించండి.