గని భూముల పునరుద్ధరణలో ఉద్యోగం: ఏం చదవాలి?

ప్రశ్న: నేను బీఎస్సీ వృక్షశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్నాను. తవ్వకం ముగిసిన గని భూములను పునరుద్ధరించే ఉద్యోగాలపై ఆసక్తి ఉంది. అది మొక్కలు నాటించి, కలుపు మందు కొట్టించే పనేనా? పీజీలో ఏ సబ్జెక్టు తీసుకుంటే మంచిది?

సమాధానం: మీరు చెప్పిన ఆ రెండు పనులూ ఈ ఉద్యోగంలో ఉంటాయి కానీ, అవి దాదాపు చివర వచ్చేవి. అసలు ప్రణాళిక తవ్వకం మొదలు కాకముందే సిద్ధం కావాలి. పైమట్టిని ఎంత లోతు వరకు విడిగా తీయాలి, ఎక్కడ పోయాలి, ఎంత త్వరగా తిరిగి పరచాలి అన్న నిర్ణయాలపైనే తర్వాతి కలుపు బెడద చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఆ మట్టిలో స్థానిక మొక్కల విత్తనాలు, వేళ్లకు పోషకాలు అందించే మైకోరైజా శిలీంధ్రాలు ఉంటాయి. దాన్ని ఎత్తైన గుట్టలుగా పోసి ఏళ్ల తరబడి వదిలేస్తే అవి క్రమంగా నశిస్తాయి. గుట్టపై మొలిచిన కలుపు మాత్రం విత్తనం రాల్చుకుంటూ పెరిగి, మట్టిని తిరిగి పరిచిన రోజున దానితో పాటే నేలంతా చేరుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జర్రా (ఒక రకం యూకలిప్టస్) అడవుల్లో బాక్సైట్ తవ్విన చోట, కొత్త గుంత కోసం తీసిన పైమట్టిని వీలైనంతవరకు నిల్వ పెట్టకుండా, పని పూర్తయిన గుంతపైకి నేరుగా తరలించే పద్ధతిని పాటించడానికి కారణం ఇదే. ఈ పద్ధతి సాగాలంటే పునరుద్ధరణ నిపుణుడు తవ్వకం ప్రణాళిక వేసే ఇంజినీర్ల పక్కన కూర్చుని వారి భాషలో మాట్లాడగలగాలి.

మొక్కల ఎంపికలో మీ వృక్షశాస్త్రం బాగా అక్కరకొస్తుంది. అమెరికాలో గని మట్టి కొట్టుకుపోకుండా ఆపడానికి ఒకప్పుడు ఆటమ్ ఆలివ్ పొదలను, సెరీసియా లెస్పెడెజాను విరివిగా పెంచారు. వీటిలో లెస్పెడెజా మాత్రమే పప్పుజాతిదైనా, రెండూ గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తాయి కాబట్టి సారం లేని నేలలో త్వరగా నిలదొక్కుకుంటాయి. ఆ గుణమే తర్వాత బెడదగా మారి, ఇప్పుడు వాటినే దురాక్రమణ మొక్కలుగా పరిగణించి తొలగిస్తున్నారు. కనుక త్వరగా పచ్చబడటాన్నే విజయంగా చూపే ప్రణాళికను అనుమానించడం నేర్చుకోండి. ఎరువు ఎక్కువగా వేయడం కూడా తరచుగా కలుపుకే మేలు చేస్తుంది. ఇక యంత్రాలను కడగడం, కలుపు గింజలు కలవని విత్తనం కొనడం, కలుపు గింజ పట్టకముందే తీయించడం వంటివి చిన్న పనుల్లా కనిపించినా, వాటిని ప్రణాళికలో తేదీలతో, బాధ్యుల హోదాలతో రాసినప్పుడే జరుగుతాయి.

పర్యవేక్షణ ఎంతకాలం సాగుతుందో కూడా తెలుసుకోండి. అమెరికాలో 1977 నాటి బొగ్గు గనుల ఉపరితల తవ్వక చట్టం ప్రకారం, చివరిసారి విత్తనం, ఎరువు వంటివి అందించిన తర్వాత సాధారణంగా 5 ఏళ్లు, ఏటా 26 అంగుళాలు లేదా అంతకంటే తక్కువ వర్షం పడే ప్రాంతాల్లో 10 ఏళ్లు, మొక్కల బాధ్యత గని సంస్థదే. అన్నేళ్లూ మొక్కలను లెక్కించి నివేదికలు రాసేవారు కావాలి కాబట్టి, ఈ రంగంలో స్థిరమైన ఉపాధి ఎక్కువగా పర్యవేక్షణలోనే ఉందని నా అభిప్రాయం.

పీజీకి నేను మృత్తికా శాస్త్రాన్నే సూచిస్తాను. పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉన్న రాయి గాలికి, నీటికి బయటపడితే ఆమ్లం పుడుతుంది. అలాంటి నేలలో ఏ మొక్క ఎందుకు చనిపోతుందో వృక్షశాస్త్రం ఒక్కటే చెప్పలేదు. పర్యావరణ నిర్వహణ అనే పేరుతో ఉన్న కోర్సులో చేరాలనుకుంటే, మట్టి పరీక్షలు, క్షేత్రస్థాయి పని ఉన్నాయో లేదో ముందే పాఠ్య ప్రణాళిక చూసి నిర్ధారించుకోండి. జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాలు, స్థల సమాచారాన్ని విశ్లేషించే పద్ధతి), గణాంకశాస్త్రం విడిగా నేర్చుకోవచ్చు. ఈలోగా డిగ్రీ ప్రాజెక్టుకు అవకాశం ఉంటే, పూత లేని లేత దశలోనే కలుపు మొక్కలను గుర్తించడాన్ని అంశంగా తీసుకోండి; గని భూముల్లో కలుపును తక్కువ శ్రమతో తొలగించగలిగేది ఆ దశలోనే.