ఎన్ స్కేల్ వంపు మీద రాతి వయాడక్ట్: నేను రెండుసార్లు కట్టిన కథ

మీ దగ్గరున్నది నాలుగడుగులు, ఆరడుగుల ప్లైవుడ్ మీద ఎన్ స్కేల్ లేఅవుట్, అంటే అసలు రైలులో 160వ వంతు సైజుండే మోడల్ రైళ్ళకి పరిచిన పట్టాలు. 12 అంగుళాల వ్యాసార్ధం ఉన్న వంపు మీదే రాతి కమానుల వయాడక్ట్, అంటే లోయ మీదుగా రైలు వెళ్ళే పొడుగాటి వంతెన, కావాలి. థర్మోకోల్‌తో చేయాలా ఎండీఎఫ్‌తోనా (చెక్కపొడిని నొక్కి చేసే పలక), రంగు వేశాక బొమ్మలా కనిపించకుండా ఉండాలంటే ఏం చేయాలి అని అడిగారు. సరిగ్గా ఇదే పని నేను నాలుగేళ్ళ కిందట చేశాను. మొదటిది చెత్తబుట్టలోకి పోయింది కాబట్టి రెండుసార్లు చేశానన్నమాట.

నా మనసులో ఉన్నది స్విట్జర్లాండ్‌లోని లాండ్‌వాసర్ వయాడక్ట్. 1901-02లో కట్టారు. 65 మీటర్ల ఎత్తు, 136 మీటర్ల పొడవు, 20 మీటర్లేసి ఆరు కమానులు, చివర్న కొండగోడలోని సొరంగంలోకి నేరుగా దూరిపోతుంది. మన స్కేలుకి 160తో భాగిస్తే 85 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల ఎత్తు. టేబుల్ మీద పట్టేస్తుంది కదా అని సంబరపడ్డాను. తీరా చూస్తే అక్కడి వంపు వ్యాసార్ధం 100 మీటర్లు, అంటే మనకి 62 సెంటీమీటర్ల పైనే. మీ దగ్గరా నా దగ్గరా ఉన్నది 30.

వంపు ఇంత బిగిస్తే పొడుగాటి రైలు పెట్టెల నడుము లోపలివైపుకి, మూలలు బయటివైపుకి పొడుచుకొస్తాయి. నేనది ఆలోచించకుండా పిట్టగోడలు ముందే అతికించేశాను. ఇంజిన్ దర్జాగా వెళ్ళిపోయింది. మూడో పెట్టె మాత్రం గోడని గీక్కుంటూ వెళ్ళి నాలుగో కమాను మీద పట్టాలు తప్పింది.

కాబట్టి మీరు ఏదీ కోయకముందే ఒక పని చేయండి. వంపుకి రెండు పక్కలా, పట్టాలకి ఆనించి తెల్లకాగితం పరిచి టేప్ వేయండి. మీ దగ్గరున్న అన్నిటికంటే పొడవైన పెట్టె తీసుకుని, లోపలివైపు నడుం దగ్గర ఒక పెన్సిల్ ముల్లు, బయటివైపు మూల దగ్గర ఇంకోటి, మొన కాగితానికి తగిలేలా టేప్‌తో అంటించండి. చేత్తో మెల్లగా తోయండి. గీసుకున్న రెండు గీతలే మీ హద్దులు. నా 165 మిల్లీమీటర్ల పెట్టెకి లోపలికి 6, బయటికి 5 మిల్లీమీటర్ల పైన వచ్చింది. పెట్టె వెడల్పు 18, రెండు వైపులా కాస్త ఖాళీ కలుపుకుని పిట్టగోడల మధ్య 38 ఉంచాను. ఇప్పటిదాకా ఏదీ తగల్లేదు.

గోడల్ని వంపుకి తగ్గట్టు వంచాలని మాత్రం తిప్పలు పడకండి. అసలు వయాడక్టుల్లోనూ చాలాచోట్ల ఒక్కో కమాను తిన్నగానే ఉంటుంది, తిరిగేది పిల్లరు దగ్గర. పైనుంచి చూస్తే పిల్లరు బయటివైపు వెడల్పుగా, లోపలివైపు సన్నగా ఉంటుంది. అయితే 30 సెంటీమీటర్ల వంపులో 12 సెంటీమీటర్ల కమాను పెడితే తిన్నటి గోడకీ వంపుకీ మధ్య 6 మిల్లీమీటర్ల తేడా వస్తుంది, చూడ్డానికి విరిగినట్టుంటుంది. పిల్లరు నుంచి పిల్లరుకి 8 సెంటీమీటర్లు దాటనివ్వకండి, అప్పుడు తేడా 3 లోపే. కమాను తగ్గింది కాబట్టి ఎత్తూ తగ్గించాలి. నాది 25 సెంటీమీటర్లు. పిల్లర్లు మాత్రం పైకి వెళ్ళేకొద్దీ సన్నబడాలి, లేకపోతే లాండ్‌వాసర్ పోలికే రాదు.

ఇక సామాను. రైలు బరువు 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పట్టీ మీదే ఉండాలి, రాతి వేషం దాని కింద వేలాడాలి. ఆ వేషానికి థర్మోకోల్ వద్దు. కోస్తే పూసలు రాలతాయి, గీత నిలవదు. మేడల మీద వేడి ఆపడానికి వేసే ఎక్స్‌పీఎస్ ఫోమ్ బోర్డు వాడండి. ఎండీఎఫ్ గట్టిదేగానీ రాళ్ళు చెక్కడానికి చేతులు పడిపోతాయి. ఒకటే జాగ్రత్త: మొదటిసారి నేను స్ప్రే డబ్బాతో ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) కొట్టాను. పది సెకన్లలో ఫోమ్ అప్పడంలా ముడుచుకుపోయింది. ముందు ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి ఒక పూత వేయండి, తర్వాత అక్రిలిక్ రంగులే, బ్రష్‌తోనే.

రాళ్ళు చెక్కడానికి ఇంకు అయిపోయిన బాల్‌పెన్ చాలు. వరస ఎత్తు రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు. కమాను చుట్టూ ఉండే రాళ్ళు మాత్రం కేంద్రం వైపు చూడాలి. అక్కడ గుండుసూది గుచ్చి, దానికి దారం కట్టి, దారం పట్టుకుని గీసుకుంటూ పోండి. చివర్న అల్యూమినియం ఫాయిల్‌ని ఉండ చుట్టి గోడంతా దొర్లిస్తే రాతి గరుకు వచ్చేస్తుంది. కమాను కింది పొట్టకి డ్రాయింగ్ చార్టు ముక్క సరిపోతుంది. 6 సెంటీమీటర్ల కమానుకి తొమ్మిదిన్నర పొడవు పడుతుంది.

రంగు దగ్గరే నేను ఎక్కువ తిట్లు తిన్నాను. నలుపు, తెలుపు కలిపి మొత్తం ఒకే బూడిదరంగు వేశాను. మా ఆవిడ చూసి "మెట్రో పిల్లరు బాగా కుదిరింది" అంది. ఆ ఆదివారం పురానాపుల్ దాకా వెళ్ళొచ్చాను. మూసీ మీద 1578లో కట్టిన కమానుల వంతెన కదా, రాయి ముసలిదైతే ఎలా ఉంటుందో అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది. పక్కపక్కనున్న రెండు రాళ్ళ రంగు ఒకటి కాదు. నీళ్ళు కారిన చోట నల్లటి చారలు, సున్నం ఊరిన చోట తెల్లటి మరకలు, కింద తేమ దగ్గర పచ్చదనం.

రెండోసారి తెలుపులో బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు), కొంచెం ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) కలిపి అడుగుపూత వేశాను. దానికే తెలుపో అంబరో తగిలించి మూడు నాలుగు ఛాయలు చేసుకుని, టీవీ చూస్తూ విడివిడి రాళ్ళకి అద్దాను. నాలుగింట ఒకటి చాలు, అన్నీ వేస్తే గంతల బొంతలా ఉంటుంది. ఆరాక పల్చటి లేత బూడిదరంగు సందుల్లోకి పోనిచ్చి, పైన తడిగుడ్డతో తుడిచేశాను. నల్లచారలు ఆ తర్వాత, పిట్టగోడ కింది నుంచి నిలువుగా, బ్రష్‌లో దాదాపు నీళ్ళే ఉండాలి. మీకు సరైనదనిపించిన దానికంటే ఒక మెట్టు లేతగా ఉంచండి. షాపులో ముదురు రంగు బాగుంటుందిగానీ గదిలో బల్బు కింద బొగ్గులా కనిపిస్తుంది. ఆఖర్న మెరుపు లేని మ్యాట్ వార్నిష్, అదీ నీళ్ళలో కలిసే రకం. పట్టాలకి ముందే టేప్ వేయడం మర్చిపోకండి.

పిట్టగోడలు మాత్రం అన్నీ అయ్యాక, పొడుగు పెట్టె రెండు దిశల్లోనూ తిరిగాక అతికించండి. వయాడక్ట్‌నీ ప్లైవుడ్‌కి జిగురుతో అంటించొద్దు, స్క్రూలతో బిగించండి. పోయిన నెల మా అబ్బాయి మోచెయ్యి తగిలి ఒక పిల్లరు నొక్కుకుపోతే, రెండు స్క్రూలు విప్పి కిందికి దించి భోజనాల బల్ల మీదే బాగుచేసుకున్నాను.