గూగీ భాష మార్చుకున్నది జైలులోనేనా?

ప్రశ్న: ఇంగ్లీషు నవలలతో పేరు పొందిన కెన్యా రచయిత గూగీ వా థియాంగో జైలులో టాయిలెట్ కాగితం మీద తన మాతృభాషలో నవల రాశారని చదివాను. ఇది నిజమేనా? ఆయన భాష మార్చుకున్నది అక్కడేనా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: కాగితం సంగతి నిజమే. ఖైదీలకిచ్చే ఆ కాగితం ఒంటికి గరుకే అయినా కలానికి బాగా పనికొచ్చిందని గూగీయే చమత్కరించారు. భాష మార్పుకు బీజం మాత్రం జైలుకు ముందే, సొంత ఊళ్ళో పడింది.

1938లో లిమూరు దగ్గరి కమిరీతులో పుట్టిన గూగీ, మాతృభాష గికుయు మాట్లాడి పట్టుబడిన పిల్లలను కొట్టి, మెడలో అవమానపు పలక వేలాడదీసే బడుల కాలంలో చదువుకున్నారు. 1964 నాటి 'వీప్ నాట్, చైల్డ్' మొదలు 1977 నాటి 'పెటల్స్ ఆఫ్ బ్లడ్' దాకా నాలుగు నవలలనూ ఇంగ్లీషులోనే రాశారు. ఆ నాలుగో నవల స్వాతంత్ర్యానంతర పాలకులను తీవ్రంగానే ఎండగట్టినా ప్రభుత్వం దాని జోలికి పోలేదు. అదే ఏడాది ఆయన గూగీ వా మిరీతో కలిసి గికుయులో రాసిన 'న్గాహికా న్డేండా' నాటకాన్ని కమిరీతు రైతులు, కూలీలు తామే కట్టుకున్న ఆరుబయటి రంగస్థలంపై ఆడారు. సంభాషణలు తప్పుగా ఉన్నచోట రచయితలనే సరిదిద్దారు. కొద్ది వారాలకే ప్రదర్శన అనుమతి రద్దయింది. డిసెంబరు 31న గూగీని అరెస్టు చేసి, విచారణ లేకుండా దాదాపు ఏడాది కమితి జైలులో ఉంచారు. పాలకులను కలవరపెట్టింది కథాంశం కన్నా, అది ఎవరి చెవిన పడిందన్నదే అని నా అభిప్రాయం.

జైలులో రాసిన 'కైతానీ ముతరబాఇనీ' 1980లో వెలువడింది. చదువు రానివారి కోసం దానిని ఇళ్ళలోనూ బార్లలోనూ పైకి చదివేవారు. చదివే మనిషి గ్లాసు ఖాళీ కాగానే మంచి పట్టులో ఆపేస్తే, వినేవాళ్ళు మళ్ళీ నింపించేవారట! (మన హరికథకులకు ఈ కిటుకు కొత్త కాదు.) 1982 నుంచి ప్రవాసంలో గడిపిన గూగీ 2025 మే 28న అమెరికాలో మరణించారు.

ఈ నవల తెలుగులో 'మట్టికాళ్ళ మహారాక్షసి'గా లభిస్తుంది. అనువదించిన వరవరరావు కూడా ఆ పనిని జైలులోనే చేశారు.