సింగపూర్ పెద్ద హోటళ్లు, బార్లు: మీరడిగారు, మేం చెప్తున్నాం

ప్రశ్న: మా అబ్బాయి సింగపూర్‌లో సాఫ్ట్‌వేర్ అండి. వాళ్ల నాన్నగారికి అరవై నిండుతున్నాయని మమ్మల్ని రమ్మని, పెద్ద సీఫుడ్ రెస్టారెంట్‌కి తీసుకెళ్తానంటున్నాడు. వాడు పంపిన మెనూలో రేట్ల పక్కన రెండు ప్లస్ గుర్తులున్నాయి, పీతకైతే అసలు రేటే లేదు. ఈయనేమో పంచెలోనే వస్తారట. ఏం చెయ్యమంటారు?
- ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: ముందు ఆ ప్లస్సుల సంగతి చూద్దామమ్మా. మొదటిది సర్వీస్ ఛార్జి, 10 శాతం. రెండోది జీఎస్టీ, 2024 జనవరి నుంచి అక్కడ 9 శాతం, అదీ సర్వీస్ ఛార్జి కలిపాక తేలిన మొత్తం మీద వేస్తారు. అంటే మెనూలో 100 సింగపూర్ డాలర్లు అని ఉంటే మీవాడు కట్టేది 119 డాలర్ల 90 సెంట్లు. ఇంత కట్టాక మళ్లీ టిప్పు ఎందుకు, అక్కడ ఆ అలవాటు కూడా లేదు.

పీతకి రేటు రాయకపోవడం మోసమేం కాదు, ఏ రోజు రేటు ఆ రోజే, అదీ కిలోల లెక్కన. కానీ అడక్కుండా తినేస్తే మాత్రం బిల్లు చూశాక గుండె గుభేల్‌మంటుంది. కిలో 100 డాలర్లనుకోండి, కిలోంబావు కన్నా కాస్త తక్కువ, 1.2 కిలోల పీత వస్తే 120, ప్లస్సులు పడ్డాక దగ్గర దగ్గర 144. అందుకే వండకముందే తూకం ఎంత, రేటెంత అని అడిగెయ్యండి. సంతలో గంప ముందు కూర్చుని పీతని తిరగేసి, నొక్కి చూసి బేరమాడే మనం, ఏసీ గదిలోకెళ్లగానే నోరు కట్టేసుకోవడమేంటండీ. అసలు అక్కడ వండేది కూడా అంతర్వేది వైపు ఉప్పుటేరుల్లో దొరికే మండపీత లాంటిదే, బరువుందా డొల్లా అనేది వెయిటర్ కన్నా మీకే బాగా తెలుస్తుంది!

అక్కడ పీతతో చేసే పేరున్న వంటకం చిల్లీ క్రాబ్, 1950ల్లో కల్లాంగ్ నది ఒడ్డున తోపుడుబండి మీద పుట్టింది. పేరులో చిల్లీ ఉన్నా మన నాలుక్కి అదేం కారం కాదు, టమాటా తీపి, పైన గుడ్డు కొట్టి కలిపిన చిక్కటి గ్రేవీ, వేయించిన చిన్న బన్నులు ముంచుకు తినాలి. కారం కావాలంటే బ్లాక్ పెప్పర్ క్రాబ్ చెప్పండి, నా ఓటు దానికే. ఇంకోటి, కూర్చోగానే అడక్కుండానే వేరుశనగలు, తడి టిష్యూలు తెచ్చి పెట్టే చోట్లు చాలా ఉంటాయి, అవి ఫ్రీ అనుకుంటాం, బిల్లులో పడతాయి. వద్దంటే తీసుకెళ్లిపోతారు. కానీ పీత తినేటప్పుడు టిష్యూ ఉంచుకోండి. పంచె అంటారా, నీటుగా ఉంటే ఎవరూ ఏమీ అనరు, కాకపోతే తెల్ల పంచె మీద ఆ ఎర్ర గ్రేవీ పడితే ఉతుక్కోవాల్సింది మీరే కదా.

ప్రశ్న: రొయ్యల పట్టుబడి అయిపోయాక నలుగురం ఫ్రెండ్స్ సింగపూర్ వెళ్తున్నాం సార్. మంచి బార్లు చెప్పండి. మా మేనల్లుడికి 19, వాణ్ని రానిస్తారా?
- భీమవరం నుంచి ఒకరు

జవాబు: మన దగ్గర 21 గానీ అక్కడ 18 నిండితే చాలు, పాస్‌పోర్ట్ జేబులో ఉంచమనండి. వాళ్లమ్మకి చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం. ఎత్తు మీంచి ఊరు చూడాలంటే మరీనా బే శాండ్స్ హోటల్ 57వ అంతస్తు, అక్కడ బార్ కూడా ఉంది, ఒక్క గ్లాసు పట్టుకుని సాయంత్రమంతా కూర్చోండి, భోజనం మాత్రం కిందకొచ్చి చెయ్యండి. ఆ పక్కనున్న ఈత కొలను హోటల్లో దిగినవాళ్లకే.

రాఫెల్స్ హోటల్లో లాంగ్ బార్ తప్పక చూడాల్సిందే. సింగపూర్ స్లింగ్ అనే కాక్‌టెయిల్ 1915లో అక్కడే పుట్టిందంటారు, జిన్‌లో పైనాపిల్ రసం, చెర్రీ గట్రా కలిపి గులాబీ రంగులో వస్తుంది, రాత్రి రెండు పెగ్గులేసేవాళ్లకి అది షర్బత్‌లాగే ఉంటుంది, ఒక్కటి చాలు. మజా ఏంటంటే వీధిలో కాగితం ముక్క పడేస్తే ఫైన్ వేసే దేశంలో, ఆ బార్లో వేరుశనక్కాయ తొక్కలు నేల మీదే పారేస్తారు, అది వాళ్ల ఆచారం! జిన్ ఇష్టమైతే బూగిస్ అనే పేట దగ్గర అట్లాస్ బార్‌కి వెళ్లండి, ఎత్తుగా వెయ్యికి పైగా జిన్ సీసాల గోపురం పేర్చారు. ఇలాంటి చోట్లకి నిక్కరు, హవాయి చెప్పులతో పోతే గుమ్మం దగ్గరే ఆపేయొచ్చు. రాత్రి 10:30 దాటాక షాపుల్లో సీసా అమ్మరు, రోడ్డు మీదో పార్కులోనో తాగడం నేరం, గోదావరి గట్టు అలవాటు అక్కడ కుదరదు.

ప్రశ్న: నేను శాకాహారిని, ఉల్లి తింటాను. అంత దూరం వెళ్లి పెరుగన్నమేనా?
- అమలాపురం పాఠకుడు

జవాబు: మనవాళ్లు ఎక్కువుండే లిటిల్ ఇండియా పేటలో కోమల విలాస్ హోటల్ 1947 నుంచీ ఉందండి, దోశ, భోజనం దొరుకుతాయి. చిన్న చిన్న తిండి స్టాళ్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లలో సర్వీస్ ఛార్జి గోల ఉండదు, శాకాహారం స్టాళ్లూ ఉంటాయి, చేప సాస్ వేశారేమో ఒకసారి అడగండి. తిన్న ట్రే మాత్రం మీరే తీసుకెళ్లి స్టాండులో పెట్టాలి, 2021 నుంచి అలా వదిలేసి లేచిపోతే ఊరుకోవడం లేదు.